దీపావళికి పిల్లలతో ఇంట్లో సబ్బులు: కరిగించి పోసే బేస్‌తో ఎవరైనా చేశారా?

బెజవాడ_అమ్మాయి | శనివారం, ఉదయం 11:20

అందరికీ నమస్కారం. ఈ దీపావళికి మా పిల్లలతో సబ్బులు చేయిద్దామనుకుంటున్నాను. పాప నాలుగో తరగతి, బాబు యూకేజీ. నరక చతుర్దశి పొద్దున నలుగు పెట్టి తలంట్లు పోసేటప్పుడు వాళ్లు చేసుకున్న సబ్బే వాళ్ల చేతికివ్వాలని నా కోరిక. పక్క ఫ్లాట్లలోని స్నేహితులకి కూడా స్వీట్ల పెట్టెతో పాటు తలా ఒకటి ఇస్తామంటున్నారు.

కాస్టిక్ సోడాతో చేసే పద్ధతి జోలికి పిల్లలతో వెళ్లదలచుకోలేదు. అందుకే మెల్ట్ అండ్ పోర్ బేస్, అంటే కరిగించి అచ్చుల్లో పోసుకునే ముందే తయారైన సబ్బు దిమ్మె, ఒక కిలో తెప్పించాను. గ్లిజరిన్ రకం, అటునుంచి ఇటు కనిపించేంత తేటగా ఉంది. ప్రమిద, నక్షత్రం, లడ్డూ, జాంగ్రీ ఆకారాల సిలికాన్ అచ్చులు చూసి పెట్టుకున్నాను, ఇంకా కొనలేదు. ఇడ్లీ రేకుల్లో పోస్తే కుదురుతుందా? రంగుకి పసుపు, పైన గులాబీ రేకులు వేయొచ్చా? అన్నిటికంటే ముఖ్యంగా, ఐదేళ్లవాడికి ఇందులో ఏ పని అప్పగించాలి? వాడు ఊరికే చూస్తూ కూర్చునే రకం కాదు. చేసినవాళ్లు వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

నురగల_ఇల్లు | శనివారం, మధ్యాహ్నం 12:45

మంచి ఆలోచనమ్మా. రాజమండ్రిలో మా వీధి పిల్లలతో వేసవి సెలవుల్లో నేనివి చేయిస్తుంటాను. ముందుగా ఒక హద్దు గీసుకోండి. పొయ్యి, వేడి గిన్నె, పోయడం మీ పని. మిగతాదంతా పిల్లలది. ఆ మిగతాదే చాలా ఉంది, సరదా కూడా అక్కడే ఉంది.

బేస్ జున్నులా తెగుతుంది. పదునులేని కత్తి ఇస్తే మీ పాప అంగుళం ముక్కలుగా కోసేస్తుంది. ముక్కలు ఒకే సైజులో ఉండాలని చెప్పండి. లేకపోతే చిన్నవి కరిగిపోయి కాగుతుంటే పెద్దవి ఇంకా గడ్డలుగానే ఉంటాయి. బాబుకి రంగుల ఎంపిక, అచ్చులు వరసగా సర్దడం, గట్టిపడ్డాక అచ్చులోంచి తీయడం అప్పగించండి. సిలికాన్ అచ్చుని కిందనుంచి బొటనవేళ్లతో నొక్కితే ముందు అంచుల్లోకి గాలి చొరబడి, ఆ తర్వాత సబ్బు టప్పున ఊడి వస్తుంది. ఆ చప్పుడు కోసం పిల్లలు కొట్టుకుంటారు.

ఇక మీ పని. ఒక గిన్నెలో నీళ్లు పెట్టి, దానిమీద స్టీలు గిన్నెలో ముక్కలు వేసి, మూత పెట్టి, సన్న సెగమీద కరిగించండి. మూత లేకపోతే బేస్‌లో నీరు ఆవిరైపోయి చిక్కబడుతుంది. 60 డిగ్రీల దగ్గర ఆపేయాలి. 70 దాటిందంటే వాసన మారి, తేటదనం పోయి పసుపుపచ్చ జీర వస్తుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ మరగకూడదు. మైక్రోవేవ్ అయితే మొదట 30 సెకన్లు, తర్వాత పదేసి సెకన్ల చొప్పున, మధ్యమధ్యలో తీసి కలుపుతూ పెట్టండి. కవ్వంతో, విస్కర్‌తో గిలక్కొట్టొద్దు, నురగ కట్టేస్తుంది. చెంచాతో నెమ్మదిగా తిప్పితే చాలు.

రంగు, వాసన రెండూ పొయ్యి ఆపి దించాకే. వాసనకి చర్మానికి వాడదగిన సబ్బు సెంటు మాత్రమే వాడండి. కొవ్వొత్తుల సెంట్లు, అగరుబత్తి సెంట్లు వద్దు. పిల్లల సబ్బుకి 100 గ్రాములకి అర మిల్లీలీటరు, అంటే సుమారు పది చుక్కలు, చాలు. వెనిల్లా సెంటు ఉంటే తెల్ల సబ్బు కొన్ని రోజులకి గోధుమరంగులోకి తిరుగుతుంది. వాసన పాడవదు, రంగే మారుతుంది.

ఇడ్లీ రేకులు వద్దండీ. అల్యూమినియంకి సబ్బులోని క్షారం పడదు. స్టీలైతే వంగదు కాబట్టి సబ్బు ఊడిరాదు. దానికన్నా జ్యూస్ టెట్రాప్యాక్ డబ్బా కడిగి ఆరబెట్టి, ఒక పక్క కోసేస్తే బ్రహ్మాండమైన అచ్చు. గట్టిపడ్డాక డబ్బా చించేసి దిమ్మెని బిళ్లలుగా కోసుకోవచ్చు. సిలికాన్ అచ్చు కొన్నా ఒకసారి సబ్బుకి వాడాక మళ్లీ కేకులకి వాడొద్దు, ఆ వాసన దాన్ని వదలదు.

అచ్చుకి ఎంత బేస్ పడుతుందో తెలియాలంటే దాన్ని నీళ్లతో నింపి ఆ నీళ్లు తూచండి. సబ్బు కూడా దాదాపు అంతే బరువు పడుతుంది. తర్వాత అచ్చుని పూర్తిగా తుడిచి ఆరబెట్టండి.

ఓరుగల్లు_నాన్న | శనివారం, మధ్యాహ్నం 2:10

అక్కా, పసుపు గురించి నేను చెప్త. మా ఇంట్ల పిల్లలతోటి చేసినం. పసుపు వేస్తే సబ్బు పసుపుపచ్చగ ఉండది, నారింజ ఎరుపులకు తిరుగుతది. సబ్బుల క్షారం ఉంటది, పీహెచ్ 9 నుంచి 10 దాక. పసుపుల సున్నం కలిపితే పారాణి ఎర్రగ ఎట్లయితదో ఇది గూడ గట్లనే. రంగు నచ్చితే వేసుకోండ్రి, కని పసుపుపచ్చ ప్రమిద వస్తదని పిల్లలకు ముందుగాల్ల మాట ఇయ్యకండ్రి. ఎక్కువైతే తువ్వాలకు మరక గూడ పడ్తది, చిటికెడు మించొద్దు.

మీ పాప నాలుగో తరగతి అన్నరు గద, సబ్బు చేసే ముందు ఇది చేయించుండ్రి. రెండు గిన్నెలల్ల పసుపు నీళ్లు పోయాలె. ఒకదాంట్ల సబ్బు నీళ్లు కలపాలె, రెండోదాన్ని పోల్చి చూసుకునేటందుకు అట్లనే ఉంచాలె. మొదటిది ఎర్రవడ్తది. గండ్లనే నిమ్మరసం పిండితె మళ్ల పసుపుపచ్చగ అయితది. మా బిడ్డ ఆ ఒక్క గిన్నెతోటే పొద్దుమూకిందాక ఆడింది. మళ్ల సబ్బు నీళ్లు, మళ్ల నిమ్మకాయ. శంఖు పూల నీళ్లతోటి గూడ చేయొచ్చు, నీలం రంగు సబ్బుల కలిస్తే ఆకుపచ్చ దిక్కు పోతది. అందుకే పూల రంగులు సబ్బుల నిలవయ్. బీట్‌రూట్ గూడ గంతే, గోధుమరంగయితది.

మా దిక్కు నరక చతుర్దశి నాడు ఆడివిల్లలు అన్నదమ్ములకు మంగళహారతి ఇస్తరు. హారతి పళ్లెంల పైసలు పెట్టుడు మామూలే. పోయినేడు మా కొడుకు తన చేతితోటి చేసిన సబ్బు గూడ అక్కకు పళ్లెంల పెట్టిండు.

విశాఖ_కెరటం | శనివారం, సాయంత్రం 6:30

సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఇంకో విషయం చెప్పాలి. గ్లిజరిన్ సబ్బు గాలిలోని తేమని లాక్కుంటుంది. మాకు విశాఖలో తయారైన సబ్బు రాత్రంతా బయట ఉంచితే తెల్లారేసరికి ఒళ్లంతా చెమట బొట్లు. పాడైందనుకుని పారేయకండి, సబ్బుకేమీ కాలేదు. మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెడితే సరిపోతుంది. కాకపోతే బహుమతిగా ఇచ్చేవి అలా చెమ్మగా ఉంటే బాగోదు కదా. అచ్చులోంచి తీసిన వెంటనే క్లింగ్ ఫిల్మ్ గాలి చొరకుండా బిగించి చుట్టేయండి. కాగితం పెట్టె, రిబ్బను ఏవైనా దానిమీదే.

త్వరగా గట్టిపడాలని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. బయటకి తీయగానే తేమంతా దానిమీదే చేరుతుంది. ఫ్యాను కింద వదిలేస్తే చిన్న సబ్బులు గంట, రెండు గంటల్లో గట్టిపడతాయి. దిమ్మెలు రాత్రంతా ఉంచాలి. మీ బెజవాడలో కూడా వానాకాలం పోయీపోని రోజుల్లో ఉక్క ఉంటుంది కాబట్టి ముందే జాగ్రత్త పడండి. హైదరాబాద్‌లో మా అక్క డిసెంబర్‌లో చేస్తే ఒక్క బొట్టు కూడా పట్టలేదు.

గులాబీ రేకులు ఎండినవైనా సబ్బులో నల్లబడతాయి. పచ్చి పూలు, పాలు, పెరుగు, పళ్ల రసం అసలే వద్దు, బూజు పడుతుంది. మీకు గులాబీ కావాలంటే గులాబీ ఆకారం అచ్చు కొనండి.

డల్లాస్_పిన్ని | ఆదివారం, ఉదయం 7:05

ఇక్కడ అక్టోబర్ చివర్లో హాలోవీన్, దాదాపు అదే సమయంలో మన దీపావళి. రెంటికీ కలిపి ఒకేసారి చేస్తాం. హాలోవీన్‌కి తేట సబ్బులో ప్లాస్టిక్ సాలీడు, రబ్బరు కన్నుగుడ్డు. పిల్లలు బొమ్మ బయటపడాలని పదేపదే చేతులు కడుక్కుంటారు. చేతులు కడుక్కోమని అరవాల్సిన అవసరమే రాదు.

బొమ్మ లోపల పెట్టడానికి రెండు విడతలుగా పోయాలి. అచ్చులో మూడోవంతు పోసి చూస్తూ ఉండండి. కాసేపటికి అంచుల నుంచి సన్నటి పొర కట్టడం మొదలవుతుంది. చెంచా వెనకవైపుతో తాకితే పైన ముడత పడుతుంది, చిరగదు. అప్పుడు బొమ్మ పెట్టి, మిగతా సబ్బు 50 డిగ్రీలకి కాస్త అటూఇటూగా చల్లారాక పోయాలి. మరీ వేడిగా పోస్తే కింది పొర కరిగి బొమ్మ అడుక్కి జారుతుంది. బోలు బొమ్మలైతే పైకి తేలతాయి, ఒక పుల్లతో కాసేపు నొక్కిపట్టాలి.

మా ఇంట్లో అందరికీ నచ్చింది మాత్రం అక్షరాల సబ్బు. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు రాయించడం ఎంత కష్టమో మీకు తెలుసు. పారదర్శక ప్లాస్టిక్ షీటు మీద లేజర్ ప్రింటర్‌తో అ, ఆ, ఇ, ఈ పెద్దగా ముద్రించి, ఒక్కో అక్షరం కత్తిరించి, ఒక్కో సబ్బులో పెట్టాం. మా చిన్నది స్నానానికి వెళ్తూ 'ఇవాళ నాకు ఋ కావాలి' అని అడుగుతుంది. షీటు మూలలు తప్పకుండా గుండ్రంగా కత్తిరించండి. సబ్బు అరిగి షీటు అంచు బయటికి రాగానే తీసి పారేయండి, కోసుకుపోతుంది.

వార్డు_సిస్టర్ | ఆదివారం, ఉదయం 9:50

నేను పిల్లల వార్డులో పనిచేస్తాను. బెజవాడ_అమ్మాయి గారూ, లడ్డూ, జాంగ్రీ అచ్చులు దయచేసి కొనకండి. స్వీట్ల పెట్టెతో పాటే ఇస్తామన్నారు. ఆ ఇళ్లలో రెండేళ్ల పిల్లలుంటారు. పండగ నాడు ఇంట్లో ఎన్ని డబ్బాలు తెరిచి ఉంటాయో, ఎవరు ఏది నోట్లో పెట్టుకుంటారో చూసే తీరిక పెద్దవాళ్లకి ఉండదు. కొరికితే నోరు మండి వాంతులవుతాయి. నురగ ఊపిరితిత్తుల్లోకి పోతే అది చిన్న విషయం కాదు. దానిమీద వెనిల్లా, యాలకుల వాసన కూడా పూస్తే పసివాడికి తేడా ఎలా తెలుస్తుంది?

పిన్ని గారి బొమ్మల సబ్బులు కూడా మూడేళ్లలోపు పిల్లలున్న ఇంటికి ఇవ్వొద్దు. సబ్బు అరిగి చిన్న బొమ్మ బయటపడితే గొంతుకి అడ్డం పడుతుంది.

ఎవరూ అడగకపోయినా ఒకటి చెబుతాను, కర్పూరం కలపకండి. చలవ చేస్తుందని చాలామంది వేస్తుంటారు. చిన్నపిల్లల కడుపులోకి కొంచెం పోయినా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. దాల్చినచెక్క నూనె, లవంగ నూనె చర్మాన్ని మండిస్తాయి, అవీ వద్దు.

కరిగిన సబ్బు ఒంటిమీద పడితే నీళ్లలా జారిపోదు, అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. వెంటనే కుళాయి కింద పెట్టి 20 నిమిషాలు మామూలు నీళ్లు ధారగా పోనివ్వండి. టూత్‌పేస్టు, నెయ్యి, ఇంకు, ఐసు ఏదీ పెట్టకండి. బొబ్బ ఎక్కినా, ముఖం మీద పడినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కాకినాడ_కాజా | ఆదివారం, మధ్యాహ్నం 1:15

సిస్టర్ గారి మీద గౌరవంతోనే ఒక మాట. మా అమ్మాయి పోయిన సంక్రాంతికి గొట్టం కాజా సబ్బు చేసింది, దానికోసం మేమే బంకమట్టి మీద సిలికాన్ పోసి అచ్చు తీశాం. వాళ్ల తాతగారు దాన్ని ఇంకా వాడలేదు, అద్దాల బీరువాలో పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపిస్తారు. ఊరి గుర్తు అది. పెద్దవాళ్లకి ఇచ్చే వాటికి కూడా ఇంత కట్టడి అవసరమా? కేకు ముక్క ఆకారం సబ్బులు బజారులో అమ్ముతూనే ఉన్నారు కదా.

వార్డు_సిస్టర్ | ఆదివారం, మధ్యాహ్నం 3:40

తాతగారి మురిపెం నాకు అర్థమైందండీ. ఆ బీరువాకి తాళం ఉండి, ఆ ఇంటికి వచ్చే మనవలంతా చదవగలిగే వయసువాళ్లైతే నాకేమీ అభ్యంతరం లేదు. కానీ చూపు సరిగా ఆనని పెద్దవాళ్లు, మతిమరుపు వచ్చినవాళ్లు కూడా పసిపిల్లలంత జాగ్రత్తగా చూసుకోవలసినవాళ్లే. బజారులో అమ్ముతున్నారు కాబట్టి ఫరవాలేదన్న మాట నేను ఒప్పుకోను. అక్కడ అట్ట మీద సబ్బు అని రాసి ఉంటుంది, మనమిచ్చేది స్వీట్ల పక్కన విడిగా ఉంటుంది.

నురగల_ఇల్లు | ఆదివారం, సాయంత్రం 5:20

సిస్టర్ గారు చెప్పిందే నా మాట కూడా. మా వీధి పిల్లలకి నేను ఎప్పుడూ తిండి ఆకారాలు ఇవ్వను. ప్రమిద, చందమామ, తాబేలు, చేప, తారాజువ్వ, ఎన్ని లేవు. దీపావళి ప్రమిదకి ఒక ఉపాయం చెబుతాను. కింద మట్టి రంగు సబ్బు పోసి, అది గట్టిపడ్డాక పైన తేట సబ్బు పలచగా పోయండి. నిజంగా నూనె పోసినట్టే కనిపిస్తుంది. మట్టి రంగుకి సౌందర్య సామగ్రిలో వాడే ఐరన్ ఆక్సైడ్ వాడండి. ముగ్గు రంగులు, హోలీ రంగులు, కుంకుమ వద్దు. కేకు రంగులు తినడానికి మంచివే కానీ సబ్బులో ఒక పొర నుంచి ఇంకో పొరలోకి పాకిపోతాయి, ఎండకి వెలిసిపోతాయి. మెరుపు కావాలంటే మైకా (అభ్రకం) పొడి. బడి చేతిపనులకి వాడే గ్లిట్టర్ ప్లాస్టిక్ ముక్కలు, కంట్లో పడితే గీసుకుపోతాయి.

సున్నిపిండి సబ్బులో కలపమని ఎవరైనా చెబితే వినకండి. పప్పు పిండి కలిసిన సబ్బు తడిలో నానితే బూజు పడుతుంది. నలుగు నలుగే, సబ్బు సబ్బే.

మియాపూర్_మమత | సోమవారం, ఉదయం 10:30

మా గేటెడ్ కమ్యూనిటీలో దీపావళి మేళా ఉంది. పిల్లలు చేసిన సబ్బులు స్టాల్లో పెట్టి అమ్మి, వచ్చిన డబ్బు దగ్గర్లోని అనాథ పిల్లల ఇంటికి ఇద్దామనుకుంటున్నాం. బేగం బజార్‌లో కేకు సామాన్ల దుకాణాలు తిరిగి అచ్చులు కూడా తెచ్చుకున్నాం. ఇబ్బందేమైనా ఉంటుందా?

ఓరుగల్లు_నాన్న | సోమవారం, మధ్యాహ్నం 12:05

అమ్ముడు వేరే సంగతి అక్కా. మన దేశంల ఒంటి సబ్బు కాస్మెటిక్ కిందికి వస్తది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం అమ్మకానికి తయారు చేయాల్నంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు ఉండాలె. ఇంట్ల వాడుకునుడుకు, చుట్టాలకు ఇచ్చుడుకు గది అక్కర్లేదు. మంచి పనికే చేస్తున్నరు గని, సబ్బులు అమ్మే బదులు స్టాల్ల పిల్లలు చేసిన ప్రమిదలకు రంగులేసి అమ్ముండ్రి. సబ్బులు ఆ పిల్లల ఇంటికే కానుకగ తీసుకపోండ్రి, గక్కడి పిల్లలతోటి కూసొని కలిసి చేస్తే ఇంకా మంచిగుంటది.

బెజవాడ_అమ్మాయి | గురువారం, రాత్రి 9:15

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ వేల నమస్కారాలు. లడ్డూ, జాంగ్రీ అచ్చుల ఆలోచన మానుకున్నాం. ప్రమిదలు, నక్షత్రాలు, జ్యూస్ డబ్బాల దిమ్మెలు చేశాం. బాబు రంగులన్నీ కలిపి ఒక బూడిద రంగు తయారుచేసి దానికి 'పొగ' అని పేరు పెట్టాడు, వాడికి అదే నచ్చింది. పాప నిమ్మరసం ప్రయోగం బడిలో కూడా చేసి చూపిస్తానంటోంది.

ఒక సందేహం మిగిలింది. ప్రమిదల్లో కొన్నిటికి పైన పోసిన తేట పొర గోటితో కొడితే బిళ్లలా ఊడి వచ్చేస్తోంది. మిగతావి గట్టిగానే ఉన్నాయి. రెండూ ఒకే బేస్‌తో చేసినవే. ఎందుకిలా?

నురగల_ఇల్లు | గురువారం, రాత్రి 10:05

ఊడినవాటికి కింది పొర పూర్తిగా చల్లబడిపోయి ఉంటుంది. కింది పొర గట్టిగా ఉండాలి కానీ చెయ్యి పెడితే గోరువెచ్చగా తగలాలి. అప్పుడు ఫోర్కుతో పైన సన్నగా గీతలు గీసి, స్పిరిట్ చల్లి, వెంటనే రెండో పొర పోయాలి. స్పిరిట్ అంటే మందుల షాపులో దొరికే ఐసోప్రొపిల్ ఆల్కహాల్, చిన్న స్ప్రే సీసాలో పోసుకోండి. సబ్బు పైన గాలి బుడగలు చేరినా అదే చల్లితే పోతాయి. చేతికి రాసుకునే జెల్ శానిటైజర్ పనికిరాదు. స్పిరిట్‌కి నిప్పంటుకుంటుంది కాబట్టి పొయ్యి ఆపి, దీపాలకి దూరంగా, పెద్దవాళ్లే చల్లాలి.

ఊడినవాటిని పారేయకండి. ఈ బేస్ మళ్లీ కరుగుతుంది. రెండు పొరలు విడదీసి, విడివిడిగా కరిగించి మళ్లీ పోయండి. గిన్నెలో మిగిలిన సబ్బు మాత్రం సింకులో పోయొద్దు, గొట్టంలో గడ్డకడుతుంది. గిన్నెలోనే ఆరనిచ్చి చెంచాతో ఊడదీసి, డబ్బాలో దాచుకోండి.

విశాఖ_కెరటం | శుక్రవారం, ఉదయం 8:20

స్నేహితులకిచ్చే ముందు మీ పిల్లల మోచేతి లోపలివైపు ఆ నురగ కాస్త రాసి, కడిగేసి, ఒక రోజు చూడండి. దద్దురు, దురద లేకపోతే ఇవ్వొచ్చు. ఏ సెంటు వేశారో ప్యాకెట్ మీద రాయండి, కొందరికి పడదు. దానిపైన 'సబ్బు, తినేది కాదు' అని మీ పాప చేతి రాతతో పెద్దక్షరాల్లో రాయించండి.

డల్లాస్_పిన్ని | శుక్రవారం, ఉదయం 8:55

మా పిల్లలు ఇప్పుడే సంక్రాంతికి గాలిపటం సబ్బు కావాలంటున్నారు. అచ్చు ఎక్కడా దొరకలేదు. సన్నటి మూలలు విరగకుండా చేసే దారి ఎవరికైనా తెలుసా?

నురగల_ఇల్లు | శుక్రవారం, మధ్యాహ్నం 1:30

అచ్చు అక్కర్లేదమ్మా. పళ్లెంలో సెంటీమీటరున్నర మందాన తెల్ల సబ్బు పోసి, గట్టిపడ్డాక గాలిపటం ఆకారంలో కోసుకోండి. మూలలు కత్తితో కొంచెం మొండి చేయండి, అప్పుడు విరగవు. ఇంకో పళ్లెంలో రంగు సబ్బు పలచగా పోసి, దాంట్లోంచి చిన్న త్రికోణాలు పిల్లల చేత కోయించండి. వాటిని స్పిరిట్ చల్లి పైన అతికించి, చెంచాతో కరిగిన సబ్బు రెండు చుక్కలు అంచుల్లో వేయండి. తోకకి దారం కావాలంటే నూలుది తీసుకుని, రంగు త్రికోణాలు అతికించేముందే ఒక కొస వాటి కింద పెట్టండి. ఆ దారం జానెడుకి మించి ఉంచొద్దు.